పంటి పాచి – పుక్కిలింత మందు: కామాఠీపుర చాళ్ల నుంచి సరిహద్దు పల్లెల దాకా తెలుసుకోవలసిన విషయాలు

‘నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది’ అన్నది మాటతీరును గురించి పుట్టిన సామెత. వైద్యశాస్త్రం దృష్టిలో దానికి మరొక అర్థం కూడా చెప్పుకోవచ్చు. నోరు శుభ్రంగా ఉంటే పళ్లు నిలుస్తాయి. పళ్లు నిలిస్తే తిన్న తిండి ఒంటికి పడుతుంది.

సరిహద్దు మండలాల్లో ముంబయితో సంబంధం లేని ఊరు దాదాపు ఉండదు. నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదుగా సాగే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరినవారు దాదర్‌లోనో, చివరి స్టేషన్‌లోనో దిగి పనిలో కుదురుకోవడం తరతరాలుగా వస్తున్న ఆచారం. పండుగకు ఊరికి వచ్చేటప్పుడు సంచిలో బట్టలు, మిఠాయిలతోపాటు ఈ మధ్య కాలంలో మరొక వస్తువు కూడా కనిపిస్తోంది. అది రంగునీళ్లు నింపిన మౌత్‌వాష్ సీసా. నోటి దుర్వాసన పోతుందని, చిగుళ్ల నుంచి కారే రక్తం ఆగుతుందని, ఇక దంతవైద్యుని దగ్గరకు వెళ్లనక్కరలేదని దాన్ని ఇంట్లో పెద్దలకు ఇస్తుంటారు. ఇందులో నిజమెంత? ఆ మందు పాచిని ఏ మేరకు అదుపు చేస్తుంది? ఏమి చేయలేదు? తెలియకుండా వాడితే నష్టమేమిటి?

పాచి అంటే ఏమిటి?

ఉదయం నిద్ర లేవగానే పళ్ల మీద నాలుకకు జిగటగా తగిలే పొరనే పాచి అంటారు. అది తిన్న అన్నం మిగులు అని చాలామంది భావిస్తారు. నిజానికి అది సూక్ష్మజీవుల కాపురం. పళ్లు శుభ్రంగా తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని మాంసకృత్తులు పంటి మీద కంటికి కనిపించని పలుచని పొరగా పరుచుకుంటాయి. కొన్ని గంటలలో దాని మీద సూక్ష్మజీవులు చేరి, తమ చుట్టూ జిగురు పదార్థాన్ని తయారు చేసుకుని గూడు కట్టుకుంటాయి. ఆ గూడు గట్టిపడిన తరువాత నీళ్లతో ఎంత పుక్కిలించినా కదలదు.

పంటి మీది ఈ జీవులను తొలిసారి చూసి వర్ణించినవాడు హాలండ్ దేశస్థుడు ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్. తన పళ్ల సందుల నుంచి గీకి తీసిన తెల్లని పదార్థాన్ని స్వయంగా చేసుకున్న సూక్ష్మదర్శిని కింద ఉంచి, అందులో కదలాడే చిన్న చిన్న ప్రాణులను గురించి 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు.

పాచి రెండు విధాల హాని చేస్తుంది. మొదటిది పుచ్చు. తీపి, పిండి పదార్థాలను పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. రెండవది చిగుళ్ల వ్యాధి. చిగురు అంచున పేరుకున్న పాచి వలన చిగుళ్లు ఎర్రబడి, ఉబ్బి, తోముకునేటప్పుడు రక్తం కారుతుంది. ఈ దశలో శ్రద్ధ వహిస్తే పూర్తిగా నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే వ్యాధి లోపలికి పాకి, పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగిస్తుంది. అలా కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. నొప్పి పెద్దగా లేకుండానే పళ్లు కదిలి ఊడిపోతాయి. ‘వయసు మీద పడింది, పళ్లు ఊడాయి’ అనుకునే చాలా సందర్భాలలో అసలు కారణం వయసు కాదు, ఏళ్ల తరబడి తొలగించని పాచి.

తొలగించని పాచిలో లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి రాయివలె గట్టిపడితే దానిని గార అంటారు. ఈ గట్టిపడడం ఒకటి రెండు రోజులలోనే ఆరంభం కావచ్చు. గార ఒకసారి ఏర్పడిన తరువాత బ్రష్షుతో గానీ, పుక్కిలింత మందుతో గానీ పోదు. దంతవైద్యుడు పనిముట్లతో తీయవలసిందే.

కామాఠీపుర, మిల్లు చాళ్లు – తెలుగువారి పళ్ల అలవాట్లు

కామాఠీపుర అనే పేరును లోకం వేరొక కారణంతో తలుచుకుంటుంది గానీ, ఆ పేరు వచ్చింది తెలుగు కూలీల వలన. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వలస వెళ్లి, బొంబాయి నగరపు కట్టడాలకు రాళ్లు మోసిన కష్టజీవులను అక్కడ కామాఠీలు అన్నారు. వారు నివసించిన పేట కామాఠీపుర అయింది. తరువాతి కాలంలో తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు బట్టల మిల్లులలో పనికి వెళ్లి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతాలలో స్థిరపడ్డారు. 1920 దశకంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్డీలలో కట్టిన బి.డి.డి. చాళ్లలో తెలుగు కుటుంబాలు ఎన్నో తలదాచుకున్నాయి.

ఆ చాళ్లలో ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. మరుగుదొడ్లు అందరికీ ఉమ్మడి. నగరంలో నీరు వచ్చేది రోజులో కొన్ని గంటలే. వేకువన బిందెలు నింపుకునే హడావిడిలో, మిల్లు కూత వినపడగానే పరుగెత్తే తొందరలో, పళ్లు తోముకోవడం అరనిమిషం పనిగా మిగిలిపోవడం సహజమే. రాత్రి పాళీ ముగించి వచ్చినవాడు అన్నం తిని పడుకుంటే, నిద్రకు ముందు తోముకోవాలన్న సంగతి గుర్తుకు రాదు. పైగా నూలు మిల్లులో నిప్పు నిషిద్ధం. బీడీకి వీలులేని చోట నమిలే పొగాకు చేదోడైంది.

మహారాష్ట్రలో విస్తారంగా కనిపించే మరొక అలవాటు మిశ్రీ. పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి పొడి చేసి దానితో పళ్లు తోముకుంటారు. ముఖ్యంగా స్త్రీలలో ఈ అలవాటు అధికం. మొదట పళ్లపొడిగా ఆరంభమై, తరువాత రోజుకు నాలుగైదు సార్లు చిగుళ్లకు రుద్దుకోనిదే పని సాగని స్థితికి చేరుతుంది. సరిహద్దుకు ఇవతల కూడా దీనిని వాడే ఇళ్లున్నాయి. పళ్లపొడులలో, పేస్టులలో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా ఇంటి పెనం మీద మాడ్చుకునే పొడికి ఆ చట్టం అడ్డు రాలేకపోయింది.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత ఒక్కొక్క మిల్లూ మూతపడింది. ఎందరో తిరిగి ఊళ్లకు చేరారు. వారితోపాటు పట్నపు అలవాట్లు, మంచివీ చెడ్డవీ, పల్లెలకు వచ్చాయి. అందులో మౌత్‌వాష్ సీసా తాజాగా చేరిన అతిథి.

పుక్కిలింత మందు ఎలా పుట్టింది?

శస్త్రచికిత్సలో పుండు చీము పట్టకుండా క్రిమినాశకాలను వాడాలని 1867లో లోకానికి చాటినవాడు బ్రిటన్ వైద్యుడు జోసెఫ్ లిస్టర్. ఆయన పేరు మీదుగా 1879లో అమెరికాలో జోసెఫ్ లారెన్స్ అనే వైద్యుడు తయారు చేసిన ద్రవమే లిస్టరిన్. ఆరంభంలో అది గాయాలు కడగడానికి ఉద్దేశించినది. తరువాత దంతవైద్యుల చేతికి, 1914 నాటికి చీటీ లేకుండా అమ్మే దుకాణాలకు చేరింది. 1920 దశకంలో నోటి దుర్వాసనను పెద్ద లోపంగా చిత్రిస్తూ సాగిన ప్రకటనల వలన దాని అమ్మకాలు విపరీతంగా పెరిగాయి. అంటే పుక్కిలింత మందుకు ప్రచారం ముందు వచ్చింది, పాచి మీద దాని ప్రభావాన్ని నిర్ధారించిన పరిశోధన చాలా ఆలస్యంగా వచ్చింది.

పాచికీ చిగుళ్ల వ్యాధికీ గల సంబంధాన్ని తేటతెల్లం చేసిన ప్రయోగం 1965లో వెలువడింది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో, ఆయన సహచరులు 12 మంది ఆరోగ్యవంతులను కొంతకాలం పళ్లు తోముకోవద్దని కోరారు. 10 నుంచి 21 రోజులలో అందరికీ చిగుళ్లు వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టగానే కొద్ది రోజులలో చిగుళ్లు యథాస్థితికి వచ్చాయి. చిగుళ్ల వాపునకు మూలం పాచేనని, దానిని తొలగిస్తే వాపు తగ్గుతుందని దీనితో రుజువైంది.

అదే పరిశోధకుడు షియోట్‌తో కలిసి 1970లో మరొక ఫలితం ప్రకటించాడు. పళ్లు తోముకోవడం మానివేసినవారు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం 10 మిల్లీలీటర్లతో రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే పాచి పేరుకోలేదు, చిగుళ్లు వాచలేదు. అప్పటి నుంచి పాచిని అదుపు చేసే మందులన్నిటికీ క్లోర్‌హెక్సిడిన్ ఒక కొలబద్ద అయింది. 2017లో కాక్రేన్ సంస్థ 51 అధ్యయనాలను పరిశీలించి, తోముకోవడంతోపాటు ఈ మందును నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే పాచి గణనీయంగా తగ్గుతుందని నిర్ధారించింది. అయితే అదే పరిశీలన, పళ్ల మీద మచ్చలు పడడం కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుందని హెచ్చరించింది.

క్లోర్‌హెక్సిడిన్ పనిచేసే తీరు

చాలా క్రిమినాశకాలు నోట్లో ఉన్నంతసేపే పనిచేస్తాయి. ఉమ్మివేయగానే వాటి ప్రభావం ముగుస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ ప్రత్యేకత వేరు. దాని అణువులకు ధన విద్యుదావేశం ఉంటుంది. పంటి మీది పొరకు, బుగ్గల లోపలి చర్మానికి, సూక్ష్మజీవుల పైగోడకు రుణ ఆవేశం ఉంటుంది. అందువలన మందు నోటి లోపలి గోడలకు అంటుకుని, కొన్ని గంటల పాటు కొద్దికొద్దిగా విడుదల అవుతూ ఉంటుంది. గోడకు కొట్టిన సున్నం పురుగును కొంతకాలం రానీయనట్లే, ఇది కొత్త సూక్ష్మజీవులు పంటి మీద గూడు కట్టకుండా అడ్డుకుంటుంది.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ మందు ముఖ్యంగా కొత్త పాచి ఏర్పడకుండా నిలువరిస్తుంది. ఇప్పటికే దట్టంగా పేరుకున్న పాచి లోపలికి అది సరిగా చొచ్చుకుపోలేదు. కనుక శుభ్రమైన పంటి మీద వాడినప్పుడే దాని బలం తెలుస్తుంది. దంతవైద్యులు గార తీసిన తరువాత దీనిని వ్రాయడంలోని మర్మం ఇదే. జిడ్డు పట్టిన గిన్నెను పీచుతో తోమకుండా సబ్బు నీళ్లు పోసి పారబోస్తే జిడ్డు ఎట్లా పోదో, తోమని పంటి మీద మందు పోసినా పాచి అట్లా పోదు.

పుక్కిలింత మందు చేయలేని పనులు

1. గట్టిపడిన గారను కరిగించలేదు.
2. చిగురుకూ పంటికీ మధ్య లోతుగా ఏర్పడిన సందులలోకి చేరలేదు. అందుచేత ముదిరిన చిగుళ్ల వ్యాధిని నయం చేయలేదు.
3. పుచ్చు పంటిని పూడ్చలేదు, కదులుతున్న పంటిని గట్టిపరచలేదు.
4. బ్రష్షు చేసే పనికి ప్రత్యామ్నాయం కాలేదు.
5. ఉదర సంబంధమైన, ముక్కు, గొంతు సంబంధమైన కారణాల వలన వచ్చే దుర్వాసనను పోగొట్టలేదు, కొద్దిసేపు కప్పిపుచ్చగలదు.

అంగడిలో దొరికే రకాలు

సీసా మీద ఎంత అందమైన బొమ్మ ఉన్నా, చూడవలసినది వెనుక వైపు ముద్రించిన మందు పేరు.

క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్: పాచి మీద అన్నిటికన్నా బలమైనది. 0.2 శాతం, 0.12 శాతం పాళ్లలో లభిస్తుంది. నిర్ణీత కాలానికి మాత్రమే వాడవలసిన మందు.

సెటైల్ పిరిడీనియం క్లోరైడ్: మధ్యరకం బలం కలది. పాచిని కొంతవరకు తగ్గిస్తుంది.

సుగంధ తైలాల మందు: వామునుండి కూడా లభించే థైమాల్, పుదీనా జాతి మెంథాల్, నీలగిరి తైలంలోని యూకలిప్టాల్ వంటివి ఇందులో ఉంటాయి. తోముకోవడానికి తోడుగా వాడితే పాచి, చిగుళ్ల వాపు కొంత తగ్గుతాయి. కొన్ని రకాలలో మద్యసారం అధికం. లిస్టరిన్ తొలి రకంలో అది సుమారు 27 శాతం.

పోవిడోన్ అయోడిన్: ప్రధానంగా గొంతు పుక్కిలించడానికి వాడతారు. థైరాయిడ్ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా వాడరాదు.

ఫ్లోరైడ్ ద్రావణం: ఇది పుచ్చు నివారణకు ఉద్దేశించినది, పాచిని తొలగించేది కాదు. తెలుగు నేలలో ఫ్లోరైడ్ సమస్య కొత్తది కాదు. నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో 1937లోనే ఎముకల ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. నల్గొండ బాధ లోకమంతా ఎరిగినదే. నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ఊళ్లలో ఈ ద్రావణాన్ని సొంతంగా వాడడం తగదు. అటువంటి ఊళ్లలో పిల్లల పళ్ల మీద కనిపించే గోధుమ రంగు చారలు పాచి కావు. ఎంత పుక్కిలించినా, ఎంత రుద్దినా అవి పోవు. గరుకు పొడితో రుద్దితే పన్ను అరగడమే మిగులుతుంది.

వాడవలసిన పద్ధతి

దంతవైద్యుడు క్లోర్‌హెక్సిడిన్ వ్రాసినప్పుడు ఈ క్రింది క్రమాన్ని పాటించాలి.

ముందుగా మెత్తని బ్రష్షుతో రెండు నిమిషాలు పళ్లు తోముకోవాలి. పేస్టులో నురుగు కోసం కలిపే పదార్థం క్లోర్‌హెక్సిడిన్‌ను నిర్వీర్యం చేస్తుంది. కాబట్టి నోరు బాగా కడుక్కుని, కనీసం అరగంట ఆగిన తరువాతే మందు వాడాలి. తోముకునే వేళ కాకుండా వేరొక వేళను దీనికి కేటాయించుకోవడం ఇంకా మేలు.

0.2 శాతం మందు అయితే 10 మిల్లీలీటర్లు మూతతో కొలుచుకుని, నోట్లో పోసుకుని, బుగ్గల మధ్య అటూ ఇటూ ఆడిస్తూ ఒక నిమిషం ఉంచి ఉమ్మివేయాలి. 0.12 శాతం అయితే 15 మిల్లీలీటర్లు అర నిమిషం. నీళ్లు కలపాలో వద్దో సీసా మీద వ్రాసి ఉంటుంది, దానినే అనుసరించాలి. మింగరాదు. ఆ వెంటనే నీళ్లతో నోరు కడగరాదు. అరగంట వరకు ఏదీ తినరాదు, త్రాగరాదు. టీ, కాఫీలు ఇంకా దూరంగా ఉంచడం మంచిది. ఇట్లా ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి.

ఎన్నాళ్లు? సాధారణంగా ఒకటి రెండు వారాలు. అంతకు మించి వాడవలసిన అవసరాన్ని నిర్ణయించవలసినది వైద్యుడే. లెక్క చూస్తే, రోజుకు 20 మిల్లీలీటర్ల చొప్పున 150 మిల్లీలీటర్ల సీసా వారం రోజులు వస్తుంది. రెండు వారాల కోర్సుకు రెండు సీసాలు చాలు. ఒక సీసాను మూడు నెలలు దాచుకుని, దుర్వాసన వచ్చిన రోజున మాత్రమే రెండు చుక్కలు నీళ్లలో కలుపుకుని పుక్కిలిస్తే ఆ డబ్బు వృథా అయినట్లే.

దుష్ఫలితాలు

క్లోర్‌హెక్సిడిన్ ఎక్కువ రోజులు వాడినవారి పళ్ల మీద, నాలుక మీద గోధుమ రంగు మచ్చలు పడతాయి. టీ, కాఫీ, పొగాకు, తమలపాకు అలవాటు ఉన్నవారికి ఇవి త్వరగా, దట్టంగా పడతాయి. ఇవి శాశ్వతం కావు, వైద్యుడు మెరుగుపెట్టి తీసివేయగలడు. రుచి తెలియకపోవడం, ముఖ్యంగా ఉప్పు రుచి తగ్గడం మరొక ఇబ్బంది. మందు మానితే రుచి తిరిగి వస్తుంది. కొందరిలో గార ఎక్కువగా పేరుకుంటుంది. అరుదుగా నోరు మండడం, పొక్కడం, లాలాజల గ్రంథులు ఉబ్బడం జరుగుతుంది. మిక్కిలి అరుదుగా తీవ్రమైన అలెర్జీ రావచ్చు. ముఖం వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మద్యసారం ఉన్న మందులు నోరు ఎండిపోయే వ్యాధి ఉన్నవారికి, నోటి పుండ్లు ఉన్నవారికి, మద్యం మానివేసిన వారికి తగవు. ఆరేళ్ల లోపు పిల్లలకు ఏ మౌత్‌వాష్ కూడా ఇవ్వరాదు. వారికి పుక్కిలించి ఉమ్మడం సరిగా రాదు, మింగివేస్తారు. రంగునీళ్ల సీసాను షర్బతు అనుకునే ప్రమాదం ఉన్నందున దానిని పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి.

ఎవరికి నిజంగా ఉపయోగం?

గార తీయించుకున్నవారికి, చిగుళ్లకు గానీ నోటికి గానీ శస్త్రచికిత్స జరిగి కొన్నాళ్లు తోముకోలేని వారికి, దవడ విరిగి తీగలు కట్టించుకున్నవారికి, పక్షవాతం వలన గానీ అంగవైకల్యం వలన గానీ చేతితో సరిగా తోముకోలేని వారికి ఈ మందు మేలు చేస్తుంది. మంచం పట్టిన పెద్దలకు ఇంటివారు శుభ్రమైన గుడ్డను మందులో ముంచి పళ్లకు, చిగుళ్లకు అద్దవచ్చునా అన్నది వైద్యుని అడిగి చేయవలసిన పని.

మధుమేహం ఉన్నవారు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ల వ్యాధి ముదురుతుంది. చిగుళ్ల వ్యాధి ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. గర్భిణులకు చిగుళ్ల నుంచి రక్తం కారడం తరచుగా కనిపిస్తుంది. దానిని ‘కడుపుతో ఉన్నప్పుడు మామూలే’ అని వదిలివేయకుండా దంతవైద్యునికి చూపాలి.

వాసన కప్పితే వ్యాధి పోదు

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఇది. మిశ్రీ, గుట్కా, జర్దా, ఖైనీ వాడేవారు దుర్వాసనను పోగొట్టుకోవడానికి మౌత్‌వాష్‌ను ఆశ్రయిస్తున్నారు. వాసన కొద్దిసేపు తగ్గుతుంది. దానితో లోపల ఎదుగుతున్న వ్యాధిని ఇంటివారు గమనించే అవకాశం కూడా తగ్గుతుంది. మహారాష్ట్ర 2012లో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో గుట్కాను నిషేధించినా అలవాటు అంత తేలికగా వదలలేదు. పొగాకు కలపకపోయినా వక్క సైతం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది.

నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, బుగ్గ లోపల గానీ నాలుక మీద గానీ తెల్లని లేక ఎర్రని మచ్చ కనిపిస్తే, నోరు తెరిచినప్పుడు తన మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే, కారం తగలగానే నోరు భగ్గుమంటే, కారణం లేకుండా పన్ను కదిలితే, మెడలో గడ్డ తగిలితే మౌత్‌వాష్‌తో కాలయాపన చేయరాదు. తొలి దశలో గుర్తించిన నోటి క్యాన్సర్‌కు చికిత్స ఉంది. ఆలస్యమైన కొద్దీ దవడ, నాలుక, చివరకు ప్రాణం పణంగా పెట్టవలసి వస్తుంది. ముంబయి పరేల్‌లో 1941లో వెలసిన టాటా మెమోరియల్ ఆసుపత్రికి ఇటువంటి రోగులు దేశం నలుమూలల నుంచి వస్తుంటారు.

వేపపుల్ల, ఉప్పునీరు, నూనె సంగతి

పల్లెల్లో వేపపుల్ల, కానుగపుల్ల వాడడం అనాదిగా ఉన్నది. కొనను మెత్తగా నమిలి కుంచెవలె చేసుకుని, చిగుళ్లకు గాయం కాకుండా నెమ్మదిగా తోమితే పాచి తొలగుతుంది. పళ్ల లోపలి వైపు, దవడ పళ్ల వెనుక భాగం పుల్లకు అందవు. అక్కడే గార పేరుకుంటుంది. అందుచేత పుల్ల వాడేవారు కూడా రాత్రిపూట ఫ్లోరైడ్ పేస్టుతో, మెత్తని బ్రష్షుతో తోముకోవడం ఉత్తమం. ఇటుక పొడి, ఇసుక, బొగ్గుపొడి, బూడిద పంటి పైపొరను అరగదీస్తాయి. ఆ తరువాత చల్లనీళ్లు త్రాగినా జివ్వుమంటుంది.

గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం చిగుళ్ల వాపుకు ఉపశమనం ఇస్తుంది. ఖర్చు లేదు, మచ్చలు పడవు. పాచిని అడ్డుకోవడంలో మాత్రం అది క్లోర్‌హెక్సిడిన్‌కు సాటి రాదు. పన్ను పీకించుకున్న మొదటి రోజున ఉప్పునీటితోనైనా సరే గట్టిగా పుక్కిలించరాదు. గాయాన్ని మూసిన రక్తపు గడ్డ ఊడి వస్తుంది. మరునాటి నుంచి నెమ్మదిగా పుక్కిలించవచ్చు. నువ్వుల నూనె పుక్కిలింత ఆయుర్వేదంలో చెప్పినదే. ఇష్టమైనవారు చేయవచ్చు గానీ, తోముకోవడం మానివేసి దాని మీద ఆధారపడరాదు.

ఎక్కడ చూపించుకోవాలి?

దాదర్‌లో, చుట్టుపక్కల చాళ్లలో ఉండేవారికి దగ్గరి ప్రభుత్వ రంగ దంత వైద్యశాల ముంబయి సెంట్రల్‌లోని నాయర్ ఆసుపత్రి దంత వైద్య కళాశాల. 1933లో ఆరంభమైన ఈ సంస్థను నగర పాలక సంస్థ నడుపుతోంది. దాదర్‌లో పశ్చిమ రైల్వే లోకల్ ఎక్కితే ప్రభాదేవి, లోయర్ పరేల్, మహాలక్ష్మి దాటిన తరువాత వచ్చేదే ముంబయి సెంట్రల్. కామాఠీపుర వారికి ఇది నడక దూరం. సెయింట్ జార్జ్ ఆసుపత్రి ఆవరణలో రాష్ట్ర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

ఊరిలో ఉండేవారికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల, మహారాష్ట్ర వైపు నాగపూర్, ఔరంగాబాద్ ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. ఔరంగాబాద్ పేరు 2023లో ఛత్రపతి శంభాజీనగర్‌గా మారింది. అంత దూరం వెళ్లేముందు జిల్లా ఆసుపత్రిలో, ఏరియా ఆసుపత్రిలో దంతవైద్యుడు ఉన్నాడేమో విచారించుకోవాలి. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార అడ్డుగా ఉన్నంతకాలం పంటి కదలిక తెలియదు. అది తీసిన తరువాత అసలు స్థితి బయటపడుతుంది. చిగుళ్లు గట్టిపడడానికి అవకాశం కలిగేది కూడా అప్పుడే.

గుర్తుంచుకోవలసినవి

* రోజుకు రెండుసార్లు, అందులో ఒకటి తప్పక రాత్రి నిద్రకు ముందు, రెండేసి నిమిషాలు తోముకోవాలి. నీటి కొరత ఉన్న ఇంట్లో కూడా ఒక చెంబు నీరు ఇందుకు సరిపోతుంది.
* బ్రష్షు మెత్తనిదై ఉండాలి. మూడు నెలలకు ఒకసారి, కుచ్చు విచ్చుకుంటే అంతకు ముందే మార్చాలి. ఇంట్లో ఎవరి బ్రష్షు వారిదే.
* చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని తోముకోవడం మానరాదు. తోమకపోవడమే రక్తానికి కారణం.
* పుక్కిలింత మందు తోడుగా వచ్చే సాయం మాత్రమే. బ్రష్షు ముందు, మందు వెనుక.
* క్లోర్‌హెక్సిడిన్ వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి.
* మిశ్రీ, గుట్కా, వక్కపొడి మానకుండా ఏ మందు వాడినా నోటికి రక్షణ లేదు.

ముంబయి నుంచి పండుగకు వచ్చే బిడ్డ అమ్మానాన్నలకు మౌత్‌వాష్ సీసా తేవడం ప్రేమతోనే. ఆ ప్రేమ ఫలించాలంటే సీసాతోపాటు రెండు మెత్తని బ్రష్షులు తీసుకురావాలి. ఊళ్లో ఉన్న ఆ నాలుగు రోజులలో ఒక పూట వారిని దంతవైద్యుని దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్లాలి. మిశ్రీ డబ్బాను అటక మీద నుంచి తీసి అవతల పారవేయాలి. పళ్లు ఉన్నప్పుడు చేసే కొద్దిపాటి శ్రమ, అవి ఊడిన తరువాత ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రాని సుఖాన్ని నిలుపుతుంది.